మిరుగు నాడు తెచ్చిన రొయ్యలు, ఇంట్లో నలుగురం పడిపోయాం. మన దగ్గర రీకాల్ (అమ్మిన సరుకు వెనక్కి తెప్పించడం) అనేది ఉంటుందా అసలు?

వడ్డేపల్లి_కట్ట (ప్రశ్న)

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మొన్న ఆదివారం మిరుగు (మృగశిర కార్తె) కదా, చేప తినాలని హన్మకొండలో చేపల దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. కొర్రమీను కిలో 700 చెప్పి పది రూపాయలు కూడా తగ్గించలేదు. బొచ్చె, రవ్వ తెస్తే ముళ్ళని మా పాప తినదు. సరే అని పక్క షాపులో రొయ్యలు కిలోన్నర తీసుకున్నా. థర్మాకోల్ డబ్బాలోంచి చేత్తోనే తీసి, తూకం వేసి, నల్ల కవర్లో ముడి వేసి ఇచ్చాడు. బిల్లు అడిగితే "ఫోన్‌పే కొట్టినవ్ కదన్నా, అదే బిల్లు" అన్నాడు, వెనక ఇరవై మంది నిలబడి ఉన్నారు, నేనూ ఇంకేం మాట్లాడలేదు.

ఇంటికొచ్చేసరికి పదకొండు. అమ్మ కిలో వండింది, అరకిలో ఫ్రీజర్లో పెట్టింది. రెండింటికి అందరం కూర్చొని తిన్నాం. రాత్రి పదకొండున్నరకు మా ఆవిడ కడుపు పట్టుకొని లేచింది, రెండింటికి పాప, నాలుగున్నరకు అత్తమ్మ, తెల్లారి ఆరింటికి నేను. అన్నీ నీళ్ళ విరేచనాలే, పేగులు మెలిపెట్టినట్టు నొప్పి, పాపకు వాంతులు కూడా. సోమవారం దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్‌లో సెలైన్లు, ఇంజెక్షన్లు కలిపి 6,400 అయింది. ఏం తిన్నారని డాక్టర్ అడిగాడు, రొయ్యలు అనగానే "మిరుగు కేసు" అని నవ్వి, ఏమీ రాసుకోకుండానే తర్వాతి పేషెంట్‌ని పిలిచాడు. మంగళవారం షాపుకు పోయి అడిగితే "కిలోలకు కిలోలు అమ్మినం, ఒక్కలు కూడా ఏమనలే, మీ ఇంట్లనే ఏదో అయింది" అని కాటా తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఇది ఒక ఎత్తు. అదే రోజు రాత్రి మా చెల్లె సియాటిల్ నుంచి ఫోన్ చేసింది. వాళ్ళు పోయిన వారం ఆయిస్టర్లు కొన్నారట, అదే ఆల్చిప్పల్లాంటివి, బతికున్నవాటినే తెరిచి నిమ్మకాయ పిండుకొని పచ్చిగా మింగేస్తారు (మా అమ్మ అది విని ఫోన్ నా చేతికిచ్చి లేచిపోయింది). తిన్న నాలుగో రోజు షాపు నుంచి మెసేజ్ వచ్చిందట. ఫలానా చోట, ఫలానా తేదీల మధ్య తీసిన ఆయిస్టర్లలో నోరోవైరస్ (వాంతులు, విరేచనాలు తెప్పించే వైరస్) ఉండే అవకాశం ఉంది, మిగిలుంటే తినకండి, పారేసి మీ డబ్బులు తీసుకోండి అని. వాళ్ళింట్లో ఎవరికీ తుమ్ము కూడా రాలేదు. ఏమీ కాని వాళ్ళకు మెసేజ్ వచ్చింది, నలుగురం మంచాన పడ్డ మాకు షాపువాడి దగ్గర తిట్లు మిగిలాయి.

నా అనుమానాలు ఇవి. అసలు తప్పు రొయ్యలదేనా? ఎందుకంటే మా నాన్న మూడుసార్లు వడ్డించుకొని తిన్నాడు, ఆయన రాయిలా ఉన్నాడు. మా అత్తమ్మ రొయ్య ముట్టదు, తింటే ఒళ్ళంతా దద్దుర్లు, ఆమెకు మాత్రం అందరికంటే ఎక్కువైంది. ఫ్రీజర్లో ఉన్న అరకిలో ఏం చేయాలి? ఎవరికి చెప్పాలి? ఇక్కడ సరుకు వెనక్కి తెప్పించే చట్టం అనేది ఒకటి ఉందా, లేక అది అమెరికా ముచ్చటేనా?

మొండి_మామ

రొయ్య తినని అత్తమ్మకూ వచ్చిందంటే రొయ్యలది తప్పు కాదని మీరే చెప్తున్నారు, మళ్ళీ షాపువాడి మీద పడటం ఎందుకు? మిరుగు అంటే ఎండలు పోయి వానలు దిగే టైము, నల్లా నీళ్ళు మారతాయి, అందరికీ కడుపులు చెడతాయి. అందుకే పెద్దలు ఇంగువ బెల్లం కలిపి తినమన్నారు. మేం చిన్నప్పుడు పొలం గట్ల మీద ఎండ్రికాయలు పట్టి అక్కడే కాల్చుకొని సగం పచ్చివే నమిలేవాళ్ళం, ఏ రీకాలూ లేదు. ప్రతిదానికీ అమెరికాతో పోలిక పెట్టడం అలవాటైపోయింది.

ప్లేట్లూ_కాలనీలూ

కట్ట గారూ, నేను వరంగల్‌లోనే మైక్రోబయాలజీ ల్యాబులో చేస్తాను. జవాబు చెప్పేముందు ఒక్కటి అడుగుతా. ఆ రోజు అన్నంలో కూర కాకుండా ఇంకా ఏమేం ఉన్నాయి, ఎవరెవరు ఏం తిన్నారు? ముఖ్యంగా పచ్చి ఉల్లిగడ్డ ఎవరు తిన్నారు? అవి దేని మీద కోశారు? మీ నాన్న గారి సంగతి, అత్తమ్మ గారి సంగతి మీకు అడ్డుగా అనిపిస్తున్నాయి గానీ నాకైతే అసలు ఆధారాలు అవే.

వడ్డేపల్లి_కట్ట

అడిగి వచ్చా. రొయ్యల ఇగురు, ముద్దపప్పు, టమాట చారు, పెరుగు. పక్కన ఉల్లిగడ్డ ముక్కలు, నిమ్మకాయ బద్దలు. నాన్నకు పుల్లటి తేన్పులని పచ్చి ఉల్లిగడ్డ తినడు, నిమ్మకాయా పిండుకోడు. అమ్మ అందరికీ వడ్డించి చివర్లో తిన్నది, అప్పటికి ఉల్లిగడ్డలు, నిమ్మ బద్దలు అయిపోయాయి, ఆమెకూ ఏం కాలేదు. అత్తమ్మ పప్పులో నంజుకొని తిన్నది ఉల్లిగడ్డే. పాప నిమ్మకాయ బద్ద చీకింది. నేను, మా ఆవిడ అన్నీ తిన్నాం.

కత్తిపీట ఒక్కటేనండీ మా ఇంట్లో. పదకొండింటికి దాని మీదే అమ్మ రొయ్యల తలలు తీసి, వీపు చీరి నల్ల నరం లాగింది. తర్వాత నల్లా కింద పెట్టి కడిగింది, సబ్బు పెట్టలేదట, "ఇనుముకు సబ్బు ఎందుకు, తుప్పు పడుతది" అంటుంది. ఒంటిగంటన్నరకు దాని మీదే ఉల్లిగడ్డలు, నిమ్మకాయలు కోసింది. రాస్తుంటేనే నాకు చెమటలు పడుతున్నాయి.

ప్లేట్లూ_కాలనీలూ

అదీ. ఉల్లిగడ్డో నిమ్మకాయో తిన్న నలుగురూ పడ్డారు, వండిన రొయ్య మాత్రమే తిన్న ఇద్దరూ బాగున్నారు. ఆరుగురి ఇంట్లో ఇంతకంటే శుభ్రమైన లెక్క దొరకదు. అలాగని రొయ్యలు అమాయకం అనుకోకండి మామ గారూ, రోగం వచ్చింది వాటితోనే అయ్యుంటుంది, కాకపోతే కూరలో ఉన్నది పొయ్యి మీద చచ్చిపోయింది, కత్తిపీట మీద మిగిలింది బతికింది.

నా అనుమానం విబ్రియో పారాహీమోలైటికస్ అనే బ్యాక్టీరియా మీద. కలరా చేసేదానికి చుట్టం. ఉప్పునీళ్ళలో, అదీ వెచ్చటి నీళ్ళలో బాగా పెరుగుతుంది, రొయ్య, పీత, ఆల్చిప్ప ఏదైనా సరే పైన అంటుకొని ఉంటుంది. తిన్నాక నాలుగు గంటల నుంచి నాలుగు రోజుల లోపు ఎప్పుడైనా రావచ్చు, మామూలుగా 24 గంటల లోపే. మీవి తొమ్మిదిన్నర గంటల నుంచి పదహారు. తిన్న గంట రెండు గంటల్లో వాంతులు మొదలై ఉంటే నేను చేతుల నుంచి కూరలో పడే స్టాఫ్ అనే బ్యాక్టీరియా విషం అని, లేదా మిగిలిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అని అనేవాడిని. నోరోవైరస్ అయితే 12 నుంచి 48 గంటలు పడుతుంది, మీ ఆవిడకు అంతకంటే ముందే వచ్చింది. కచ్చితంగా తేలాలంటే మలం కల్చర్ (అందులోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) చేయాల్సిందే, అదీ యాంటీబయాటిక్ పడకముందు. మీకు ఇంజెక్షన్ పడింది కాబట్టి ఇప్పుడు చేసినా ఏమీ రాకపోవచ్చు.

ల్యాబుకు పోయేవాళ్ళకు ఒక మాట, "విబ్రియో కోసం కూడా చూడండి" అని చీటీ మీద రాయించుకోండి. బ్యాక్టీరియాను పెంచే మామూలు ప్లేటు మీద ఇది మిగతావాటి మధ్య కలిసిపోతుంది. టీసీబీఎస్ అనే ప్లేటు వేరే ఉంటుంది, ముదురాకుపచ్చ రంగు అగరు (జెల్లీ లాంటిది) పోసి ఉంటుంది. దాని మీద కలరాది పెరిగితే పసుపు చుక్కలు వస్తాయి, పారాహీమోలైటికస్ అయితే ఆకుపచ్చగానే, మధ్యలో ముదురుగా. మొదటిసారి చూసినప్పుడు నాకు ఉగాది పచ్చడిలో మామిడి ముక్కలు గుర్తొచ్చాయి, ఎందుకో తెలీదు.

ఇదేం కొత్త జబ్బు కాదు. 1950లో జపాన్‌లో ఒసాకా దగ్గర సగం ఎండబెట్టిన చిన్న చేపలు తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది పోయారు, దీన్ని మొదట పట్టుకున్నది అక్కడే. మన దేశానికీ సంబంధం ఉంది. 1996లో కోల్‌కతా రోగుల్లో ఈ బ్యాక్టీరియాలోనే ఓ3:కే6 అనే రకం ఒక్కసారిగా పెరిగి, అక్కడి నుంచి ప్రపంచం తిరిగింది. రెండేళ్ళకు, 1998లో, అమెరికాలో టెక్సాస్ గాల్వెస్టన్ బే ఆయిస్టర్లు పచ్చిగా తిన్న 400 మందికి పైగా పడకేశారు, అదీ ఇదే రకం.

కత్తిపీట లెక్క చూడండి. వేడి బాగా ఉంటే ఇది పది పదిహేను నిమిషాలకే రెట్టింపవుతుంది. పదిహేను అనుకుందాం, రెండున్నర గంటల్లో పది రెట్టింపులు, అంటే వెయ్యి రెట్లు దాటింది. బ్లేడు మీద కాదు, బ్లేడు చెక్కలోకి దిగే చోట ఒక సందు ఉంటుంది చూశారా, ఎప్పుడూ తడిగా ఉండి వేలు పెడితే జిగటగా తగులుతుంది, అక్కడ. నిమ్మరసం చంపేస్తుంది అనుకుంటారు, చంపదు. మీ చెల్లె గారికీ చెప్పండి, ఆయిస్టర్ మీద పిండిన నిమ్మకాయ రుచికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

ఇప్పుడు చేయాల్సింది: ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్ళలో ఒకేసారి కలపండి, గ్లాసుకు చెంచా చొప్పున కాదు, పాపకు కొద్దికొద్దిగా తరచూ తాగించండి. విరేచనంలో రక్తం, తగ్గని జ్వరం, ఆరు గంటలైనా ఒంటికి పోకపోవడం, పిల్ల మత్తుగా ఉండటం, ఇందులో ఏది కనిపించినా ఇంట్లో చూసుకుందాం అనుకోకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోండి. విరేచనాలు కట్టే బిళ్ళలు పిల్లలకు సొంతంగా వేయొద్దు. ఫ్రీజర్లో ఉన్నది తినకండి, గడ్డ కడితే బ్యాక్టీరియా నిద్రపోతుంది గానీ అంతా చావదు.

మామ గారూ, ఎండ్రికాయల సంగతి. సగం పచ్చి మంచినీటి పీతల్లో పారాగోనిమస్ అనే ఊపిరితిత్తుల పురుగు ఉండొచ్చు. మణిపూర్ వైపు అలా తిన్నవాళ్ళకు దగ్గులో రక్తం పడితే టీబీ అనుకొని నెలల తరబడి టీబీ మందులు మింగించిన కేసులు ఉన్నాయి. మీకేం కాలేదు, సంతోషం.

టాకోమా_తెలుగు

మాది పరకాల, పదిహేనేళ్ళుగా వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్నా, సీఫుడ్ గోదాములో క్వాలిటీ చూస్తా. మీ చెల్లె గారికి మెసేజ్ ఎలా వచ్చిందో చెప్తాను, అందులో మాయ ఏమీ లేదు.

ముందు ఒక తేడా. ఇక్కడ షెల్‌ఫిష్ అని ఒకే మాటలో అన్నీ కలిపేస్తారు, రొయ్య, పీత, ఆయిస్టర్, మస్సెల్ అనే ఇంకో రకం గుల్ల. తెలుగులో ఆ మాట లేకపోవడమే మంచిది అనిపిస్తుంది నాకు, ఎందుకంటే రెండూ వేరు. రొయ్య తిరుగుతుంది, తింటుంది. ఆల్చిప్ప కూర్చున్న చోటే కూర్చొని నీళ్ళు వడగడుతుంది, పెద్ద ఆయిస్టర్ రోజుకు నూట తొంభై లీటర్ల దాకా. ఆ నీళ్ళలో మురుగు కలిస్తే వైరస్ దాని కడుపులో పోగుపడుతుంది. దాన్ని మనిషి పేగులతో సహా పచ్చిగా మింగుతాడు. అందుకే రీకాల్స్‌లో ఎక్కువ గొడవ వీటితోనే.

ఆయిస్టర్ల సంచికి తీసినప్పుడే ఒక ట్యాగు కడతారు. తీసిన మనిషి నంబరు, చోటు, తేదీ దాని మీద ఉంటాయి. సంచి ఎక్కడికి పోతే ట్యాగు అక్కడికి పోతుంది, హోటల్లో చివరి ఆయిస్టర్ అమ్మేశాక ఆ ట్యాగు మీద తేదీ రాసి 90 రోజులు దాచాలి. 90 ఎందుకో మా ట్రైనింగులో చెప్పేదాకా నాకూ తెలీదు. హెపటైటిస్ ఏ, అంటే ఒక రకం కామెర్లు, తిన్న పదిహేను రోజుల నుంచి యాభై రోజుల దాకా ఎప్పుడైనా బయటపడొచ్చు. మనిషి పచ్చబడి ఆసుపత్రికి వచ్చేసరికి రెండు నెలలు గడిచినా ట్యాగు ఉండాలి. 1988లో షాంఘైలో సరిగ్గా ఉడకని గుల్లలు తిని దాదాపు మూడు లక్షల మందికి ఇదే కామెర్లు వచ్చాయి.

ఈ ట్యాగుల పద్ధతి ఊరికే రాలేదు. 1924-25 చలికాలంలో ఆయిస్టర్ల వల్ల న్యూయార్క్, చికాగో, వాషింగ్టన్ డీసీ నగరాల్లో టైఫాయిడ్ వచ్చింది, 1,500 మంది దాకా జబ్బుపడ్డారు, 150 మంది చనిపోయారు. అందరూ కొనడం మానేశారు, అప్పుడు వ్యాపారులే ప్రభుత్వం దగ్గరకు పోయి మాకు నిబంధనలు పెట్టండి అని అడిగారు. 1925 నుంచి నడుస్తోంది. వ్యాపారి దయతో కాదు, గల్లా ఖాళీ అయితే వచ్చింది.

మెసేజ్ రావడానికి ఇంకో కారణం, మీ చెల్లె గారు కొన్నది మెంబర్‌షిప్ కార్డు ఉన్న షాపు అయ్యుంటుంది. ఏ కార్డు మీద ఏ సరుకు పోయిందో వాళ్ళ దగ్గర ఉంటుంది. రోడ్డు పక్కన కొని ఉంటే ఇక్కడైనా ఎవరూ మెసేజ్ పెట్టరు.

ఇంకో విషయం, బాగా వండితే సరిపోతుంది అన్న ధైర్యం రొయ్యలకు చెల్లుతుంది గానీ గుల్లలకు అన్నిసార్లూ చెల్లదు. సముద్రంలో కొన్ని నాచు జీవులు విషం చేస్తాయి, మస్సెల్స్ వాటిని తిని ఆ విషం దాచుకుంటాయి, గంటసేపు ఉడికించినా అది పోదు. ముందు పెదాలు తిమ్మిరి, తర్వాత చేతులు, ముదిరితే ఊపిరి ఆగుతుంది. 2024 మే నెలాఖర్లో ఇక్కడ పక్కనే ఒరెగాన్ తీరంలో మస్సెల్స్ ఏరుకొని తిన్న 20 మందికి పైగా అలా అయింది, తీరమంతా మస్సెల్స్ ఏరడం ఆపేశారు. కేరళలో విళింజంలో 1997లో ఏడుగురు చనిపోయారు. మనకు వరంగల్‌లో మస్సెల్స్ దొరకవు కదా అంటారు, కానీ సెలవులకు గోవా, కొచ్చి పోయేవాళ్ళు మన దగ్గర తక్కువేం లేరు.

ఐసు_డబ్బా

అన్నా నేను ఈ దందాలనే ఉన్న, మా నాయన కాలం నుంచి. నన్ను కూడా తిట్టండి గానీ లోపలి సంగతి చెప్తా.

మన వరంగల్‌కు వచ్చే వనామీ రొయ్య అంతా దాదాపు భీమవరం, ఆకివీడు, కైకలూరు దిక్కు చెరువులది. సాయంత్రం పట్టుబడి, రాత్రి ఐసు కొట్టి థర్మాకోల్ డబ్బాల్లో వేసి బండి ఎక్కిస్తే తెల్లారేసరికి ఇక్కడ ఉంటుంది. రొయ్య ఎంత ఉంటే ఐసు అంత ఉండాలి, ఒక వరస రొయ్య ఒక వరస ఐసు. మిరుగు నాడు ఏం జరుగుతుందంటే, రెండు రోజుల ముందు నుంచే సరుకు తెప్పించి పెట్టుకుంటారు, ఆ రోజు రేటు రెట్టింపు కదా. ఐసు కరుగుతుంది, మళ్ళీ కొడతారు, డబ్బా అడుగున నీళ్ళు నిలుస్తాయి, ఆ నీళ్ళలో అడుగు రొయ్య నానుతుంది. ముందు వచ్చినవాళ్ళకు పైది, మధ్యాహ్నం వచ్చినవాళ్ళకు అడుగుది. మీరు పదిన్నరకు పోయినట్టున్నారు, మధ్యలో ఉన్నది వచ్చుంటుంది.

కొనేటప్పుడు తల చూడండి, వేలాడకుండా ఒంటికి గట్టిగా ఉండాలి. ముక్కు దగ్గర పెట్టి చూడండి, సిగ్గుపడొద్దు, మూత్రం వాసన లాంటిది వస్తే అమోనియా, వదిలేయండి. తల నల్లబడింది కదా అని మాత్రం మంచిదాన్ని వదలొద్దు, అది గాలికి నల్లబడుతుంది, అరటిపండు లెక్క. మన చెరువుల్లో వచ్చే నీలకంఠ రొయ్య అయితే వేరే ముచ్చట, అది మంచినీళ్ళది, కాళ్ళు నీలంగా పొడుగ్గా ఉంటాయి. దానితో ఉప్పునీళ్ళ రోగాలు తక్కువ, మన మురుగు రోగాలు వస్తాయి.

రీకాల్ అంటున్నారు కదా. మా దగ్గర ట్యాగు అంటే మార్కర్ పెన్నే. డబ్బా మూత మీద పంపినవాని పేరులో రెండక్షరాలు, బరువు, కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ నంబరు రాస్తారు. అంతకంటే కాగితం ఏదీ రాదు.

ఫైలు_కదలదు

రిటైర్డ్ ఉద్యోగిని, చట్టం ముక్క నేను చెప్తాను. రీకాల్ అమెరికా ముచ్చట మాత్రమే కాదు. 2006 ఆహార భద్రత చట్టంలో సెక్షన్ 28 అదే, దాని కింద 2017లో రీకాల్ నిబంధనలు కూడా వచ్చాయి. 2015లో మ్యాగీ గుర్తుందా, ఊరూరా కిరాణా కొట్లలోంచి డబ్బాలకు డబ్బాలు వెనక్కి పోయాయి. తర్వాత బొంబాయి హైకోర్టు ఆ నిషేధం కొట్టేసింది, అది వేరే సంగతి. వెనక్కి పోగలగడానికి కారణం ఒక్కటే, ప్రతి ప్యాకెట్టు మీదా బ్యాచ్ నంబరు ఉంది. మీ నల్ల కవరు మీద ఏముంది? ఆ 2017 నిబంధనల్లో కూడా రీకాల్ ప్లాను పెట్టుకోవాల్సింది తయారీదారులు, దిగుమతిదారులు, హోల్‌సేల్ వాళ్ళు. చిల్లరగా అమ్మేవాళ్ళకు అది తప్పనిసరి కాదు.

అయినా ఫిర్యాదు చేయండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) వాళ్ళ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది, 1800112100 టోల్‌ఫ్రీ ఉంది. షాపు ఫోటో, ఫోన్‌పే చేసిన టైము, క్లినిక్ చీటీ, ఎవరు ఏం తిన్నారో మీరు పైన రాసిన లెక్క, అన్నీ పెట్టండి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ షాపులో శాంపిల్ తీస్తే అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. అప్పటికి ఆ రొయ్య ఉండదనుకోండి.

సెక్షన్ 40 అని ఒకటుంది, కొన్నవాళ్ళు సొంతంగా ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. అందులో షరతు ఏంటంటే, కొనేటప్పుడే షాపువాడికి "నేను దీన్ని పరీక్షకు పంపిస్తా" అని చెప్పాలి. మిరుగు నాడు వెనక ఇరవై మంది ఉండగా ఆ మాట అని చూడండి, కాటా మీది రొయ్య మళ్ళీ డబ్బాలోకి పోతుంది. కాబట్టి మీ ఫ్రీజర్లో ఉన్న అరకిలో చట్టం దృష్టిలో దేనికీ పనికిరాదు.

ఒక్కరు ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది అని అనొద్దు. 2024లో హైదరాబాద్‌లో మోమోలు తిని జబ్బుపడినవాళ్ళు బయటికి వచ్చి చెప్పాకే కదా అక్టోబర్ 30 నుంచి పచ్చి గుడ్డు మయోనైజ్‌ని రాష్ట్రమంతా ఏడాదిపాటు ఆపేశారు. ఆ క్లినిక్‌లో డాక్టర్ "మిరుగు కేసు" అని నవ్వాడు చూడండి, నాకు అన్నిటికంటే అదే కోపం తెప్పించింది. ఆ రోజు ఆయన దగ్గరికి అలాంటివాళ్ళు ఎందరు వచ్చారో, అందులో ఎందరు ఒకే షాపులో కొన్నారో, ఒక్క కాగితం మీద రాసుంటే తెలిసేది.

మొండి_మామ

ఉల్లిగడ్డ సంగతి ఒప్పుకుంటున్నా. మా ఇంట్లోనూ కత్తిపీట ఒక్కటే. టీబీ సంగతి నాకెందుకు చెప్పారండీ, పొద్దుటి నుంచి దగ్గు వచ్చినట్టు అనిపిస్తోంది.

వడ్డేపల్లి_కట్ట

అందరికీ థాంక్స్. పాప ఈ రోజు ఇడ్లీ తిన్నది, అత్తమ్మ లేచి తిరుగుతోంది. అమ్మకు విషయం చెప్పడానికి రెండు రోజులు పట్టింది, నేరుగా చెప్తే తన వల్లే అనుకొని ఏడుస్తుందని, రొయ్యలకు వేరే కత్తి, చిన్న ప్లాస్టిక్ పలక తెచ్చి "సేల్‌లో వచ్చింది" అని పెట్టా. ఆమె మొత్తం విని "అంటే కూర మంచిగనే ఉండె కదా" అన్నది, నాన్న "అదే కదా నేను చెప్పేది" అన్నాడు. కత్తిపీట చెక్క సందులో చాకుతో గీస్తే వచ్చినదాని గురించి ఇక్కడ రాయను.

యాప్‌లో ఫిర్యాదు పెట్టా, నంబరు వచ్చింది. వాళ్ళడిగిన వివరాల్లో "బ్యాచ్ నంబర్" అనే గడి ఉంది. ఐసు_డబ్బా అన్న చెప్పిన మార్కర్ రాత గుర్తొచ్చి, నిన్న పొద్దున అటు పోతూ షాపు వెనక సందులోకి తొంగి చూశా, ఆ రోజు డబ్బా మూత ఏమైనా దొరుకుతుందేమో ఫోటో తీద్దామని. కడిగి ఎండబెట్టారు. మూతలన్నీ ఒక పక్క, డబ్బాలన్నీ ఒక పక్క. సాయంత్రం మళ్ళీ ఏ మూత చేతికొస్తే ఆ మూత పెట్టి భీమవరం బండికి వేస్తారట, అక్కడ పనిచేసే పిల్లవాడు చెప్పాడు. ఆ గడి ఖాళీగానే వదిలేశా.